ఖాళీ కాని వాకిలి

నమోదు 1. సోమవారం

ఇల్లు: కడపటి వరుసలో చివరిది. చూపరి: సుంకులమ్మ, మద్దిలేటి భార్య. కంచె వైపు: ఖాళీ.

ఇంతవరకు రాస్తే చాలని మా ఆయన అన్నాడు. కంచె వైపు ఏం తిరిగిందో రోజూ చూసి ఇన్నాళ్లూ ఈ పలక రాసింది ఆయనే. ఎండను కరెంటు చేసే అద్దాల పొలంలో అద్దాలు తుడిచి తుడిచి, ఆ మెరుపు తగిలి ఆయనకు దూరపు చూపు పోయింది. ఇప్పుడు నల్లద్దాలు లేకుండా గడప దాటలేడు. చూపు లేనివాడు చూపరిగా పనికిరాడని అంతస్తుల నుంచి, పొలం వెనక ఎత్తుగా కట్టిన మేడల్లోని పైవాళ్ల నుంచి, కబురు వచ్చింది. అత్తకు చదువు రాదు. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఆ ఏడే బడిని కూడా అంతస్తుల్లోకి ఎత్తేశారు. అలా పలక నా ఒళ్లోకి వచ్చింది, మెడకు తగిలించుకునే కెమెరాతో సహా.

పలకలో మొదటి పంక్తి పొద్దు గూకగానే దానంతట అదే పైకి పోతుంది. దాని కింద 'ఇంకేమైనా' అని జాగా ఉంది. అక్కడ రాసింది పలకలోనే ఉండిపోతుంది. పంపాలంటే వేరే మీట నొక్కాలి. ఆ మీటను మా వరుసలో ఇంతవరకు ఎవరూ నొక్కలేదట. మా ఆయన ఆ జాగాలో ఎప్పుడూ ఏమీ రాయలేదు. నాకు మాత్రం అడిగినదానికి జవాబు చెప్పకపోతే మనసు ఒప్పదు. నలుగురిలో నాకు నోరు పెగలదు. రాసేటప్పుడు ఎవరి ముఖంలోకీ చూడనక్కరలేదు.

కెమెరా అంటే భయం. మా పెళ్లి ఫోటోలో నా ముఖం లేదు. వంచిన తల, తల మీద పాపిడి, పూలు, అంతే. వచ్చినవాళ్లకు అత్త ఆ ఫోటో చూపించి, "మావాడు పాపిటను చేసుకున్నాడు," అంటుంది.

పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గు వేశాను. వరుసలో అందరూ అద్దాల పొడితో వేస్తారు. పగిలిన అద్దాలు నూరిన పొడి పొలం నుంచి ఊరికే వస్తుంది. వారం దాకా చెదరదు, ఎండ పడితే తళతళమంటుంది. నేను నూకల పిండితో వేస్తాను. చీమ నోటికి అందనిది ముగ్గు కాదని మా అమ్మ అనేది. పైనుంచి వచ్చే బియ్యంలో నూకలు చెరిగి దాచుకుని విసురుకుంటాను. అత్తకు అది దండగ.

"మనుషులకే కొలిచి పోస్తాంటే ఈమె చీమలకు పెండ్లి చేస్తాండాది," అంటుంది.

నమోదు 4. గురువారం

కంచె వైపు: ఖాళీ.

ముగ్గు ఎవరో చెరిపారు. కోడి అనుకున్నాను. కోడి అయితే గీరి పోస్తుంది. ఇది మధ్యలోంచి ఒకటే గీత, వెడల్పుగా, గొలుసు ఈడ్చుకుపోయినట్టు ఉంది. దానికి అటూ ఇటూ గోళ్ల గుంటలు. చీమల బారు ఉండాల్సిన చోట చీమలు లేవు, నేల నాకినట్టు తడిగా ఉంది.

చీపురు పట్టుకుని దాన్నే చూస్తూ ఉంటే వీధిలో కలకలం మొదలైంది. కంచె పక్క స్తంభం మీద దీపం వెలిగిందని.

స్తంభానికి ఒక కన్ను, మూడు దీపాలు. కంచె అవతలిది విడిచిన నేల, జంతువులది. ఇవతల మా వరుస, మా వెనక అద్దాల పొలం, ఆ వెనక అంతస్తులు. కంచె ఇవతల కూడా అడవి జంతువు తిరుగుతున్నట్టు ఆ కన్నుకు ఫోటో దొరికితే ఒక దీపం. అమావాస్య లోపల మూడు దీపాలూ వెలిగితే ఈ నేల కూడా జంతువులదే అవుతుంది, మేము ఇళ్లు వదిలి అంతస్తుల్లోకి ఎక్కాలి. మూడూ వెలగకపోతే అమావాస్య పొద్దు గూకేసరికి వెలిగినవి ఆరిపోతాయి. లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పై వరుస వాళ్లు, నడిమి వరుస వాళ్లు అలాగే మూడో దీపానికి మూటలు కట్టారు.

అందుకే ఇక్కడ ఒక అలవాటు ఉంది. ఎవరికి ఏది కనబడినా 'గాలి' అంటారు. పిల్లలకు మాటలతో పాటే అది నేర్పుతారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక చిన్న పిల్ల, "పొద్దున గాలి మా బీరపాదు మేసిపోయింది," అంటుంటే విని నవ్వు ఆపుకోలేకపోయాను. పలకలో రాసిన రాతకు దీపం వెలగదు. కానీ ఉందని రాస్తే కెమెరాలు పట్టుకుని మనుషులు వస్తారు. కాబట్టి అందరి పలకల్లోనూ రోజూ ఖాళీనే.

తిమ్మప్ప మామ వరుసకు పెద్ద. ఇల్లిల్లూ చూసుకుంటూ మా వాకిట్లోకి వచ్చి ఆ గీత దగ్గర ఆగాడు.

"వెంగమ్మా, గాలి మీ ఇంటి మీదే వీచినట్టుండాది," అని అత్తతో అన్నాడు.

అత్త నా చేతిలో చీపురు లాక్కుని గీతను ఊడ్చేసింది.

నమోదు 6. శనివారం

కంచె వైపు: ఖాళీ.

ఈ రోజు అది అబద్ధం.

తెల్లవారుతుండగా ముగ్గు వేసి, చెంబు కోసం లోపలికి పోయి తిరిగి గడప దగ్గరికి వచ్చేసరికి వాకిట్లో ఉంది. ముందు ఎవరో చింకిచాప చుట్ట పారేశారనుకున్నాను. చాప నడిచింది. ఒళ్లంతా పెంకులు, కొబ్బరి చిప్పలు పగలగొట్టి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. చిన్న తల. ముందు కాళ్లు నేలకు ఆనీ ఆనకుండా ఛాతీకి దగ్గరగా పట్టుకుని, పంచాయితీకి పోయే పెద్దమనిషి నడకలా ఉంది దాని నడక. నాలుక సన్నగా, దారంలా బయటికి వచ్చి పోతోంది. ఆ దారం తగిలిన చోట చీమలు మాయం.

అలుగు. మా అమ్మ తన చిన్నప్పుడు చూశానని చెప్పేది. నేను అబద్ధమనుకునేదాన్ని.

నా ముగ్గుకు చీమలు వచ్చాయి, చీమల కోసం ఇది వచ్చింది. దానికి చూపు ఆనడం లేదు. ముక్కుతో నేలను తడుముకుంటూ పద్మం రేకు మీద రేకు దాటి నా కాళ్లకు జానెడు దూరం దాకా వచ్చి, అక్కడ ఎవరూ లేనట్టే పక్కకు తిరిగింది.

కెమెరా మెడలోనే ఉంది. కంటికి ఆనించుకున్నాను కానీ నొక్కలేకపోయాను. నేను నొక్కకపోతే మాత్రం ఏమైంది, నేను గడప లోపలే నిలబడి ఉండగా స్తంభం మీద రెండో దీపం వెలిగింది.

మా ఆయనకు చెప్పాను. దానికి కళ్లు కనబడవు, వాసన పట్టుకుని తిరుగుతుందని.

"నా లెక్కనేలే," అన్నాడు. "నేనూ నీ తిరగమాత వాసన పట్టుకొనే ఇల్లు చేరుకుంటాండా."

ఇంకొక్క దీపం.

నమోదు 7. ఆదివారం

కంచె వైపు: ఖాళీ.

తిమ్మప్ప మామ అరుగు మీద అందరూ కూర్చున్నారు. నేను అత్త వెనక నిలబడ్డాను. తప్పు ఎవరిదో వాళ్లే తేల్చుకున్నారు. వరుసలో నూకల పిండి ఎవరిది, చీమలు ఎవరి వాకిట్లో, జంతువు ఎవరి గడప దగ్గర. మీ కోడలు చీమలకు తిరునాళ్ల భోజనం పెట్టి మాకు ఇళ్లు లేకుండా చేస్తోందని పక్కింటామె అత్తను నిలదీసింది. అత్త నన్ను ఇంట్లో ఎన్ని మాటలైనా అంటుంది. అక్కడ మాత్రం, "నా కోడలి ముగ్గు ముచ్చటగా ఉంటాదని నువ్వే కదా అంటివి," అని ఆమె నోరు మూయించింది.

రేపటి నుంచి ముగ్గు బంద్. అదే తీర్పు. నేను తల ఊపాను. నాకు చెప్పాలనిపించింది చెప్పలేకపోయాను. ఏం చెప్పాలనుకున్నానో ఇప్పుడు రాద్దామంటే అదీ తేలడం లేదు. అది వాకిట్లో నడిచినంతసేపూ నాకు భయం వేయలేదని, అంతే.

నమోదు 9. మంగళవారం

కంచె వైపు: ఖాళీ.

వాకిలి ఉత్తగా ఊడ్చి వదిలేశాను. రెండో రోజు. వేళ్లకు పని తోచడం లేదు.

అది నిన్న కూడా వచ్చిపోయినట్టుంది, గోడ పక్కన మన్ను గీరి ఉంది. ఈ రోజు గోడ చాటు నుంచి వచ్చింది. అటు స్తంభం కన్ను పడదు. గడప వాసన చూసింది, చుట్టూ తడుముకుంది, ఏమీ దొరకలేదు. వెనక్కి తిరిగి కంచెకు పోతుందనుకుంటే అద్దాల పొలం వైపు పట్టింది.

పొద్దెక్కితే ఆ అద్దాల సందుల్లో నేల పెనంలా కాలుతుంది. పైన పోయే పిట్టలే రాలిపడుతుంటాయి. పొద్దున పనికి పోయిన మనుషులు తొమ్మిదింటికల్లా బయటపడతారు. దానికి గడియారం ఎవరు చెప్తారు.

చెప్పులు కూడా వేసుకోకుండా దాని వెనక పరుగెత్తాను. కొంగు పరిచి అడ్డం కూర్చుంటే అది ముడుచుకుని ఉండ అయిపోయింది. ఒళ్లోకి ఎత్తుకున్నాను. ఏడాది బిడ్డంత బరువు. పెంకులు చల్లగా, కడిగి బోర్లించిన ఇత్తడి గిన్నెల్లా ఉన్నాయి. లోపల గుండె కొట్టుకోవడం నా కడుపుకు తెలిసింది.

లేవబోతుంటే రెండు అద్దాల మధ్య ఒక గడప రాయి కనబడింది. పసుపు మరక ఇంకా ఉంది. పై వరుసలో ఎవరిదో ఇల్లు. జంతువుల కోసమని ఖాళీ చేయించిన వరుస. అక్కడ ఇప్పుడు అద్దాలున్నాయి. జంతువులు లేవు, మనుషులూ లేరు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అనరు. దాన్ని కూడా గాలి అనుకుంటాం కాబోలు.

అలుగును తెచ్చి మా పెంటకుప్ప వెనక నీడలో దించాను. చేతులు కడుక్కుని, పిండి డబ్బా తీసి, వాకిలి నిండా ముగ్గు వేశాను. మామూలుగా వేసేదాని కంటే పెద్దది. ఇక్కడ మేత దొరికితే అది అటు పోదు.

అత్త గడపలో నిలబడి చూసింది. నా ఒడి నిండా మన్ను, మోకాళ్ల మీద గీతలు.

"డబ్బాలో పిండి ఉందా అయిపోయిందా?" అంది. అయిపోవచ్చిందని చెప్పాను.

నమోదు 11. గురువారం

కంచె వైపు: ఖాళీ.

తెల్లవారగానే తిమ్మప్ప మామ వచ్చాడు. ముఖానికి తుండుగుడ్డ చుట్టుకున్నాడు, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. చేతిలో గడ్డపార. అడవి జంతువును చంపితే జైలు, అందుకు ఆ తుండుగుడ్డ. అలుగు ముగ్గు నడుమ ఉంది.

ఆయన చెడ్డవాడు కాదు. నా పెళ్లికి మా పుట్టింటికి నడిచి వచ్చి కబురు కలిపింది ఆయనే. గొంతు తగ్గించి చెప్పాడు.

"పక్కకు జరుగు పాపా. నీ మీద కోపం కాదు. దీన్ని చూసుకుంటే మన ఇండ్లు పోతాయి. ఒక్క పోటు, గుంత తీసి పూడ్చేస్తా. అమాస దాకా ఎవురూ మాట్లాడకుంటే సరి."

వద్దని చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. నోరు రాకపోతే ఒళ్లు వచ్చింది. పోయి దాని మీద పడ్డాను. అది ఉండ చుట్టుకుంది, నేను దాన్ని చుట్టుకున్నాను, తల మీద కొంగు కప్పుకుని కళ్లు మూసుకున్నాను. దాని తోక నా చేతిని మెలేసి పట్టుకుంది. గాజులు రెండు చిట్లాయి.

గడ్డపార పడలేదు. ఆయన ఊపిరి వినబడుతోంది. తర్వాత ఆయన గొంతు మారిపోయింది.

"పాపా, మూడో దీపం కొట్టుకుంటాంది. నిలబడేటట్టుండాది."

నాకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు. "కొంగు కప్పుకుంటే దానికి నువ్వు మనిషివని తెలీదు, మూట అనుకుంటాది. మొగమెత్తు. మొగమెత్తి దాని దిక్కు చూడు."

తన తుండుగుడ్డ ఆయన తీయలేడు, చేతిలో గడ్డపార ఉంది. మా ఆయన నల్లద్దాలతో గడప దగ్గర నిలబడి ఏం జరుగుతోందని అడుగుతున్నాడు. ఆ వాకిట్లో చూపించడానికి ఉన్న ముఖం నాదొక్కటే.

కొంగు తీసేశాను. తల ఎత్తాను. స్తంభం మీది కన్ను నల్లగా, గుండ్రంగా నన్నే చూస్తోంది. నేను ఇంతవరకు ఎవరినీ అలా రెప్ప వేయకుండా చూడలేదు, మా ఆయనను కూడా. చెవులు కాలిపోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. దించలేదు.

మూడో దీపం రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది.

మనిషి ముఖం పడిన ఫోటో వాళ్ల లెక్కకు మైల ఫోటో. అది చెల్లదు. ఆ నియమం తిమ్మప్ప మామకు తెలుసు. ఎన్నడూ పనికి రాలేదు కాబట్టి ఆ నిమిషం దాకా గుర్తు రాలేదు.

ఆయన గడ్డపారను గోడకు ఆనించి మెట్టు మీద కూలబడి మంచినీళ్లు అడిగాడు. నేను లేవలేను, చెయ్యి దాని తోకలో ఉంది. మా ఆయన తడుముకుంటూ తెచ్చి ఇచ్చాడు.

నమోదు 13. శనివారం

కంచె వైపు: ఖాళీ.

అది బయట తిరిగినంతసేపూ దాని పక్కన ఒక ముఖం ఉండాలి. అమావాస్య దాకా. అరుగు మీద మళ్లీ అందరూ కూర్చున్నారు. కానీ మైల ఫోటోల్లో ముఖం పడినవాళ్లకు అంతస్తుల నుంచి పిలుపు వస్తుందని అందరికీ భయం. ఎవరూ ముందుకు రాలేదు. నా వాకిలి, నా చీమలు, నా ముఖం. మా ఆయన తాను కూర్చుంటానన్నాడు. నల్లద్దాలు పెట్టుకున్న ముఖాన్ని కన్ను లెక్కచేయదు. తీసేస్తే ఆయన కళ్లు మిగలవు.

"ఇన్నాళ్లూ నేను చూడమంటే చూడకపోతివి," అన్నాడు. "ఆ స్తంభం చేసుకున్న పుణ్యమేందో."

పొద్దున, సాయంత్రం మెట్టు మీద కూర్చుంటున్నాను. కాళ్లు ముగ్గులో, ముఖం స్తంభం వైపు. అది నా కాళ్ల చుట్టూ తిరిగి మేస్తుంది. ఒక్కోసారి తోక నా పాదాల మీద ఆనించి వదిలేస్తుంది, అరుగు మీద చెయ్యి ఆనించినట్టు. మెడ నొప్పి పుడుతోంది. తల ఎత్తి ఉంచడం కూడా బరువు మోసినట్టే.

మొదటి రోజు సిగ్గుతో చచ్చిపోయాను. రెండో రోజు స్తంభం మీద కాకి రెట్ట చూశాను. నన్ను చూసే కన్ను మీదే రెట్ట ఉంది, తుడిచే దిక్కు లేదు. ఆ తర్వాత సిగ్గు కొంచెం తగ్గింది.

నమోదు 15. సోమవారం

కంచె వైపు: ఖాళీ.

అంతస్తుల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నా ఈడే ఉంటుంది. పేరు ఆర్విక. తెల్లటోపీ, చేతిలో పెద్ద కెమెరా. ముగ్గు తొక్కకుండా అంచున ఆగింది.

"సుంకులమ్మ గారు మీరే కదా. ముఖం చూసి గుర్తుపట్టాను," అంది.

నన్ను ముఖం చూసి గుర్తుపట్టిన మొదటి మనిషి ఆమె. ఆ మాట లోపల ఎక్కడో తగిలింది. సంతోషమో భయమో తెలియలేదు.

వందల ఫోటోలు మైలపడ్డాయట, అన్నిట్లో నేనేనట. ఆమె మర్యాదగానే మాట్లాడింది. గణనకు, అంటే జంతువుల లెక్కకు, అడ్డుపడితే ఇంటికి వచ్చే బియ్యం ఆపుతారని, మనిషిని తీసుకుపోయి అంతస్తుల్లో విడిగా ఉంచుతారని, ఆ పని తన చేతుల మీద జరగడం తనకు ఇష్టం లేదని చెప్పింది. అలుగును చూసినప్పుడు ఆమె ముఖం విప్పారింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత దగ్గరగా చూడలేదంది. అది నటన కాదు.

"ఒక్క నిమిషం పక్కకు జరగండి. ఒక్క ఫోటో. మీరు పైకి వస్తే ఈ నేలంతా దానిదే అవుతుంది. దాని మీద మీకు ప్రేమ లేదా?"

"జరగను," అన్నాను.

అంత పైకి వినబడుతుందని నేను అనుకోలేదు. తిమ్మప్ప మామ తన అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"పై వరుసను కూడా ఇట్లనే ఖాళీ చేయించినారు కదమ్మా," అన్నాను. "ఆడ ఇప్పుడు అద్దాలుండాయి. గడప రాయి ఇంకా ఉండాది, పోయి చూడు. మేము పోతే ఇది కూడా అంతే. ఇదీ ఉండదు, మేమూ ఉండము."

"అది మా శాఖ కాదు," అంది. కానీ అద్దాల పొలం వైపు చూసింది.

తర్వాత ఫోటో తీసింది. తన కెమెరాలో మనుషులను తుడిచేసే పని ఉందట. అడగకుండానే నా పక్కన కూర్చుని చూపించింది. వేలితో ఒక్కసారి రాస్తే నేను పోయాను. నా మెట్టు, నా పిండి చేతులు పోయాయి. ముగ్గు మనుషుల పని అని అదీ పోయింది. నా పాదాల మీద ఆనిన తోక కూడా నాతో పాటు పోయింది. మొండి అలుగు ఒకటి బోసి నేల మీద మిగిలింది, ఎవరో నరికి పడేసినట్టు.

మళ్లీ తీసింది. నేను పాదం ఇంకొంచెం ముందుకు చాచాను. మళ్లీ అంతే.

"ఇది పంపలేను," అంది. చాలాసేపు ఆ ఫోటోనే చూస్తూ కూర్చుంది. రేపు అమావాస్య, ఉత్తరువు తీసుకుని మనుషులతో వస్తానని లేచింది. పోతూ పోతూ అత్తతో, అంతస్తుల్లో అన్నీ ఉంటాయి కదా పెద్దమ్మా, ఎందుకు రారని అడిగింది.

"మూడు దినాలుండి వచ్చినా లేమ్మా," అంది అత్త. "తలుపు తీస్తే ఇంకోళ్ల తలుపు. వాకిలి లేదు. వాకిలి లేని ఇంట్లో పొద్దున లేచి మనిషి ఏం జేస్తాది?"

నమోదు 16. మంగళవారం. అమావాస్య

మొదటి పంక్తి ఈ రోజు పొద్దు గూకేలోపు రాయలేదు, చివర రాస్తాను.

డబ్బాలో పిండి పొద్దుటికే అయిపోయింది. సాయంత్రానికి లేదు. నేను ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడితే అత్త తిరగలి ముందు కూర్చుని ఉంది. ఈ నెల బియ్యంలో తన వంతు పోసి విసురుతోంది. నూకలు కూడా కాదు, బియ్యం.

"చీమలకు పెండ్లి అన్నాక నాసిరకం పెడితే పరువు పోతాది," అంది.

ఆర్విక ఇద్దరు మగవాళ్లతో వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఉత్తరువు చదివింది. నన్ను మెట్టు మీద నుంచి లేపి పక్కన కూర్చోబెట్టవచ్చని అందులో ఉంది. వాళ్లు నా రెక్క పట్టుకున్నారు. నేను గుంజుకోలేదు, ముఖం మాత్రం దించలేదు. వీధి అవతలికి నడిపించారు.

నేను లేచిన చోట అత్త కూర్చుంది. కొంగు దించి ముఖం ఎత్తింది. బొట్టు ఎప్పటికంటే పెద్దదిగా పెట్టుకుంది.

ఉత్తరువులో నా పేరొక్కటే ఉంది.

అలుగు ఆ సందడికి బెదిరి పక్కింటి వాకిట్లోకి పోయింది. అక్కడ అద్దాల పొడి ఉంటుందనుకున్నాను. నూకల ముగ్గు ఉంది, వంకర టింకరగా, అలవాటు లేని చేతితో వేసినది. నన్ను తిరునాళ్ల భోజనమని దెప్పిన ఆమే మెట్టు మీద కూర్చుని స్తంభాన్ని కోపంగా చూస్తోంది. ఆ పైన ఇంకో వాకిలి, ఇంకో ముఖం. తిమ్మప్ప మామ తుండుగుడ్డ లేకుండా అరుగు మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. గాలి అనడం నేర్చుకున్న పిల్లలు వరుసగా నిలబడి, కన్నుకు నాలుకలు చాపుతున్నారు.

ఆర్విక కెమెరా పట్టుకుని వీధి పొడుగునా నడిచింది. అలుగు ఎక్కడికి పోతే అక్కడికి పోయింది. ఒక్క ఖాళీ వాకిలి దొరకలేదు. చివరికి మా వాకిలి దగ్గర కెమెరా దించి, మగవాళ్లను నా రెక్క వదలమంది. పొద్దు గూకింది. స్తంభం మీద రెండు దీపాలూ, ఒకదాని తర్వాత ఒకటి, ఆరిపోయాయి.

"వచ్చే అమావాస్య లోపల మళ్లీ గణన ఉంటుంది," అంది ఆర్విక నాతో.

"రండి," అన్నాను. "కూర్చోనుంటాం."

ఆమె పోతూ ఈసారి కూడా ముగ్గు అంచు మీద నుంచే నడిచింది.

వాళ్లు పోయాక అలుగు మా పెంటకుప్ప వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. ఒంటరిగా రాలేదు. తోక మొదట్లో ఒక పిల్ల అతుక్కుని ఉంది, పెంకులు ఇంకా లేతగా, చింతగింజల రంగులో. ఇన్నాళ్లూ అక్కడే దాచుకుంది. నేను ఆ రోజు ఒళ్లో మోసుకొచ్చి దించిన చోటే.

మెడలో కెమెరా తీసి మా ఆయన చేతికి ఇచ్చాను. వెలుతురు పోకముందే తీయమన్నాను. ఆయనకు నేను మసక మసకగా కనబడతాను.

"మొగం యాడుండాదే?" అన్నాడు.

"నీకు ఎదురుగ్గానే ఉండాది. నొక్కు."

ఫోటో ఓ పక్కకు ఒరిగింది. మూలన ఆయన వేలు పడింది. నడుమ నేను, పాపిడి కాదు, ముఖం. నా పాదాల మీద తోక, తోక మీద పిల్ల. అత్త చూసి, ముక్కు కొంచెం పెద్దదే అంది.

ఇప్పుడు, ఇంతవరకు ఎవరూ నొక్కని ఆ మీట నొక్కుతాను. ఈ పలకలో మొదటి నుంచి రాసినదంతా పోతుంది, గాలి సంగతి, గడ్డపార సంగతి, గడప రాయి సంగతి. తిమ్మప్ప మామకు ముందే చెప్పాను, నీ పేరు కూడా ఉంది మామా అని. ఆయన పలకలోకి తొంగి చూశాడు.

"వట్టి తిమ్మప్ప అని రాసినావా? గారు అని పెట్టు," అన్నాడు.

తిమ్మప్ప గారు.

ఏం చేస్తారో చేయనీ. జంతువు లేదని రాయను. మేము లేమనీ రాయను.

ఇల్లు: కడపటి వరుసలో చివరిది. చూపరి: సుంకులమ్మ. ఫోటో జత చేశాను, తుడవకండి. కంచె వైపు: అలుగు, దాని పిల్ల. ఇంటి వైపు: మేము.

ఖాళీ కాదు.